కేరో పట్టణపు స్కేటింగ్ రింక్: ఆడుకునే చోటు కోసం ఒక పోరాటం

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం పటం చూస్తే, దక్షిణానికి వచ్చేకొద్దీ అది సన్నబడి ఒక మొనలా ముగుస్తుంది. ఆ మొన మీద, ఒహాయో నది వచ్చి మిసిసిపీలో కలిసేచోట, కేరో అనే చిన్న పట్టణం ఉంది. ఇంగ్లీషులో రాస్తే ఈజిప్టు రాజధాని పేరే. కానీ ఆ ఊరివాళ్ళు 'కేరో' అనే పలుకుతారు కాబట్టి మనమూ అలాగే అందాం. రెండు నదుల వరద ఊరి మీద పడకుండా చుట్టూ ఎత్తయిన కరకట్టలు కట్టారు. 1920లో 15,203 మంది ఉన్న ఊరు 1960 నాటికి 9,348 మందికి తగ్గింది. అంటే మన దగ్గర ఒక మండల కేంద్రమంత. ఆ ఊళ్ళో 'రోలర్ బౌల్' అనే స్కేటింగ్ రింక్ ఉండేది. 1962 వేసవిలో ఆ రింక్ గుమ్మం దగ్గర జరిగిన సంగతే ఈ వ్యాసం. ఆ గుమ్మం ముందు నిలబడినవాళ్ళలో ఎక్కువమంది మీ వయసువాళ్ళే, కొందరు మీకంటే చిన్నవాళ్ళు కూడా.

ముందుగా రింక్ అంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి. బూటు కింద చక్రాలు బిగించుకుని నున్నటి నేల మీద జారడం యూరప్‌లో పద్దెనిమిదో శతాబ్దం నుంచే ఉంది. 1760లలో లండన్‌లో జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే యంత్ర నిపుణుడు చక్రాల బూట్లు తొడుక్కుని, వయొలిన్ వాయించుకుంటూ ఒక విందులోకి దూసుకొచ్చి, ఆగడం చేతగాక పెద్ద నిలువుటద్దాన్ని గుద్దుకున్నాడని కథ చెబుతారు. అప్పటి స్కేట్స్ తిన్నగా పోవడానికే పనికొచ్చేవి, మలుపు తిరగడం మహా కష్టం. 1863లో న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ ఈ చిక్కు విప్పాడు. ముందు రెండు, వెనుక రెండు చక్రాలను రబ్బరు మెత్తల ఆధారంతో అమర్చి, మనిషి ఏ పక్కకు ఒరిగితే చక్రాలు ఆ పక్కకే తిరిగేలా చేశాడు. ఈనాటి నాలుగు చక్రాల స్కేట్స్‌కు మూలం అదే.

1866లో ఆయనే రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో ఒక హోటల్ భోజనశాలను రింక్‌గా మార్చాడు. చదువుకున్న, మర్యాదస్తులైన వర్గాలవారి కాలక్షేపంగా స్కేటింగ్ ఉండాలని ఆయన కోరిక. ఇది గుర్తుంచుకోండి. ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అన్న ప్రశ్న రింక్‌తోపాటే పుట్టింది.

1880ల నాటికి స్కేట్స్ చవకయ్యాయి, ఊరూరా రింకులు వెలిశాయి. మళ్ళీ 1930ల నుంచి 1950ల దాకా వాటికి మంచి కాలం. మేపుల్ చెక్కతో పరిచిన నేల, ఒక మూల ఆర్గాన్ వాయించే మనిషి, అద్దెకు స్కేట్స్ ఇచ్చే కౌంటరు, ఒక సోడా అంగడి. అందరూ ఒకే దిక్కుకు, గడియారం ముల్లుకు ఎదురు తిరుగుడుగా, వలయంలో సాగుతారు. ధింసా ఆడేటప్పుడు గొలుసుగా కదిలే వరుసను చూసినవాళ్ళకు ఆ దృశ్యం ఊహించడం కష్టం కాదు. ఒకరి అడుగు తడబడితే వెనుకవారికి తెలుస్తుంది, అందుకని అందరి నడకా ఒక లయలో పడుతుంది. మధ్యమధ్యలో 'ఇప్పుడు జంటలు మాత్రమే' అని ప్రకటిస్తారు. అబ్బాయీ అమ్మాయీ చేతులు పట్టుకుని నేల మీదికి వస్తారు. చిన్న ఊళ్ళో శుక్ర, శనివారాల సాయంత్రాలు కుర్రకారు కలుసుకునే చోటు అదే.

ఆ జంటల పాట దగ్గరే అసలు గొడవంతా ఉందని నాకనిపిస్తుంది. అమెరికాలో నల్లజాతివారిని బస్సుల్లో, హోటళ్ళలో వేరుగా ఉంచిన సంగతి చాలామందికి తెలుసు. ఈతకొలనులు, వినోద ఉద్యానాలు, స్కేటింగ్ రింకుల విషయంలో తెల్లవారి ప్రతిఘటన మరింత మొండిగా ఉండేది. చరిత్రకారిణి విక్టోరియా వోల్కాట్ 2012లో ఈ వినోద స్థలాల పోరాటాల మీదే ఒక పుస్తకం ప్రచురించారు. దుకాణంలో పక్కపక్కన నిలబడి సరుకు కొనడం వేరు, ఒకే నీళ్ళలో దిగడం, ఒకే నేల మీద చేతులు కలపడం వేరు. తమ పిల్లలు ఆ పిల్లలతో స్నేహం చేస్తారేమో, ప్రేమలో పడతారేమో అన్న భయం పెద్దవాళ్ళది.

ఇల్లినాయ్ ఉత్తరాది రాష్ట్రం. అబ్రహాం లింకన్ రాజకీయ జీవితం నడిచిన నేల. అక్కడ ఇలాంటివి ఉండవని పైవాళ్ళు అనుకునేవారు. కానీ కేరో అక్షాంశం చూస్తే, దక్షిణాది తిరుగుబాటు రాష్ట్రాల రాజధానిగా ఉండిన వర్జీనియాలోని రిచ్‌మండ్ కంటే కేరోయే దక్షిణాన ఉంది. నది దాటితే ఒక పక్క కెంటకీ, ఇంకో పక్క మిసౌరీ, రెండూ ఒకనాటి బానిసత్వ రాష్ట్రాలే. షికాగో నుంచి దక్షిణాదికి పోయే రైల్లో నల్లజాతి ప్రయాణికులు కేరో దగ్గర లేచి, తమకు కేటాయించిన వేరు పెట్టెలోకి మారవలసి వచ్చేది.

అంతర్యుద్ధ కాలంలో, 1861లో, జనరల్ గ్రాంట్ సేనలకు ఈ ఊరు స్థావరం. బానిసత్వం నుంచి తప్పించుకున్నవాళ్ళు వేల సంఖ్యలో ఇక్కడి శిబిరాలకు చేరారు. వారిలో కొందరు ఇక్కడే నిలిచిపోయారు. కేరో నల్లజాతి సమాజానికి పునాది వాళ్ళే. వాళ్ళు స్వేచ్ఛను వెతుక్కుంటూ వచ్చిన ఊళ్ళోనే 1909 నవంబరులో విలియం జేమ్స్ అనే నల్లజాతీయుణ్ణి వేలమంది చూస్తుండగా నడివీధిలో మూక చంపింది. పత్రికా రచయిత్రి ఐడా బి. వెల్స్ ఆ ఊరికి వచ్చి, సాక్ష్యాలు సేకరించి, ఖైదీని కాపాడలేకపోయిన షెరీఫ్‌ను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోరాదని గవర్నరు ముందు వాదించారు. గవర్నరు ఆమె మాటే విన్నాడు. వరసగా ఓటములే కనిపించే ఆ ఊరి కథలో అదొక గెలుపు. 1940లలో నల్లజాతి ఉపాధ్యాయుల సమాన జీతం కోసం థర్‌గుడ్ మార్షల్ కేరో వచ్చి కేసు నడిపాడు. తర్వాత ఆయన అమెరికా సుప్రీంకోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యాడు. 1952లో తెల్లపిల్లల బడుల్లో తమ పిల్లలను చేర్పించాలని ప్రయత్నించినందుకు ఒక నల్లజాతి వైద్యుడి ఇంటి మీద బాంబు వేశారు.

ఇక చట్టం సంగతి. ఇల్లినాయ్ శాసనసభలో మొదటి నల్లజాతి సభ్యుడు జాన్ థామస్ ప్రవేశపెట్టిన పౌరహక్కుల చట్టం 1885లోనే అమల్లోకి వచ్చింది. సత్రాలు, భోజనశాలలు, నాటకశాలలు, వినోద స్థలాలు, వీటిలో ఎక్కడా రంగును బట్టి ఎవరినీ ఆపకూడదని అందులో ఉంది. అంటే 1962లో రోలర్ బౌల్ గుమ్మం దగ్గర ఒక నల్లజాతి పిల్లవాణ్ణి ఆపడం, అప్పటికి 77 ఏళ్ళుగా నేరం. చట్టం పుస్తకంలో ఉండీ గుమ్మం దగ్గర లేకపోవడం అంటే ఏమిటో మన ఊళ్ళ యువతకు ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు.

చట్టాన్ని తప్పించుకునే ఉపాయం కూడా అందరికీ ఒకటే దొరికింది. 'ఇది ప్రజాస్థలం కాదు, ప్రైవేటు క్లబ్బు, సభ్యులకు మాత్రమే ప్రవేశం' అని బోర్డు పెట్టడం. షికాగోలోని వైట్ సిటీ రింక్ ఇదే మాట చెప్పి నల్లజాతివారిని వెనక్కి పంపేది. తెల్లవాడు వస్తే సభ్యత్వం అడిగేవారు కాదు. 1942లో షికాగోలో పుట్టిన 'కోర్' అనే సమానత్వ సంఘం ఇరుజాతుల కార్యకర్తలను విడివిడిగా టిక్కెట్టుకు పంపి ఆ బూటకాన్ని బయటపెట్టింది. రింక్ ముందు పికెటింగ్ చేసింది. 1946లో ఆ తలుపు తెరుచుకుంది. కేరోలో అదే ఉపాయం ఈతకొలను మీద అమలయింది. అదీ సభ్యుల క్లబ్బే. నల్లజాతి పిల్లలు ఈదాలంటే నదులే దిక్కు. ఆ రెండు నదులు కలిసేచోట సుడులు ఎంత ప్రమాదకరమో చెప్పనక్కర్లేదు.

1960 ఏప్రిల్లో ఎల్లా బేకర్ చొరవతో దక్షిణాది విద్యార్థులు 'విద్యార్థి అహింసా సమన్వయ సంఘం' స్థాపించారు. అందరూ దాన్ని 'స్నిక్' అనేవారు. 1962 వేసవిలో ఆ సంఘం కార్యకర్తలు కేరో వచ్చారు. వారిలో 22 ఏళ్ళ జాన్ లూయిస్ ఒకడు. అప్పటికే ఫ్రీడమ్ రైడ్స్‌లో దెబ్బలు తిన్నవాడు. తర్వాతి కాలంలో జార్జియా నుంచి అమెరికా కాంగ్రెస్ సభ్యుడిగా మూడు దశాబ్దాలకు పైగా ఉన్నాడు. కానీ కేరోలో ఉద్యమం బయటివాళ్ళు తెచ్చిపెట్టింది కాదు. ఆ ఊరి హైస్కూలు విద్యార్థి చార్లెస్ కోయెన్ లాంటి కుర్రాళ్ళు ముందుండి 'కేరో అహింసా స్వాతంత్ర్య కమిటీ'ని నడిపారు. బయటివాళ్ళు అహింసా పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. కొట్టినా తిరిగి కొట్టకుండా ఉండటం, తల కాపాడుకుంటూ ముడుచుకుని కూర్చోవడం, రెచ్చగొడితే పాట అందుకోవడం. చర్చిలో కూర్చుని ఇవన్నీ నేర్చుకునేవారు.

మొదట హోటళ్ళ ముందు కూర్చున్నారు. ఒకచోట స్నిక్ కార్యకర్త మేరీ మెకాలమ్ అనే తెల్లజాతి యువతిని తొడ మీద కత్తితో పొడిచారు. అరెస్టులు జరిగాయి. తర్వాత ఈతకొలను ముందుకు వెళ్ళారు. లోపలికి రానివ్వకపోతే గేటు బయటే మోకరిల్లి ప్రార్థన చేశారు. షికాగో విశ్వవిద్యాలయంలో చదువుతున్న డానీ లయన్ అనే 20 ఏళ్ళ కుర్రాడు, కెమెరా మెడలో వేసుకుని, దారిన పోయే వాహనాలను ఆపి ఎక్కుతూ కేరో చేరాడు. తల వంచి ప్రార్థిస్తున్న జాన్ లూయిస్ బృందాన్ని అతను తీసిన ఫోటో తర్వాత స్నిక్ పోస్టరుగా వేలాది ప్రతుల్లో అచ్చయి దేశమంతా తిరిగింది. ఇంకో సంగతి కూడా అతను రాశాడు. రోడ్డు మీద నిలబడిన ప్రదర్శకుల మీదికి ఒక ట్రక్కు వచ్చింది. అందరూ పక్కకు తప్పుకున్నారు, 13 ఏళ్ళ ఒక అమ్మాయి మాత్రం కదల్లేదు. ట్రక్కు ఆమెను కిందపడేసింది. నాయకుల పేర్లు చరిత్రలో ఉంటాయి. ఈ పిల్ల అక్కడే నిలబడిపోయిందన్న విషయం ఒక ఫోటోగ్రాఫరు అక్కడ ఉన్నాడు కాబట్టి మనదాకా వచ్చింది.

ఆగస్టులో వంతు రోలర్ బౌల్‌ది. నల్లజాతి యువతీయువకులు గుంపుగా రింక్ దగ్గరికి వెళ్ళారు. డబ్బులిచ్చి స్కేట్స్ అద్దెకు తీసుకుని, మిగతావాళ్ళలాగే ఓ సాయంత్రం ఆడుకుని వెళ్ళాలన్నదే కోరిక. బయట తెల్లవాళ్ళ మూక గొలుసులు, కర్రలతో వాళ్ళ మీద పడింది. పిల్లలు దెబ్బలు తిన్నారు. తిరిగి కొట్టలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఓటు కోసమో, భూమి కోసమో, ఉద్యోగం కోసమో దెబ్బలు తిన్నారంటే అందరూ గౌరవంగా వింటారు. స్కేటింగ్ కోసం అంటే, 'దానికెందుకంత గొడవ, వేరేచోట ఆడుకోవచ్చుగా' అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు. నా దృష్టిలో ఇది తలకిందుల ప్రశ్న. దానికెందుకంత గొడవ అని అడగవలసింది గొలుసులు పట్టుకొచ్చినవాళ్ళను. ఓ పిల్లవాడు చెక్క నేల మీద నాలుగు చుట్లు తిరిగితే పోయేదేముంది? ఏమీ లేదు. అయినా ఊరి పెద్దలు దాన్ని అంత పట్టుదలగా కాపాడారంటే, ఆ నేల వాళ్ళకు ఆట స్థలం కాదు, సరిహద్దు. పదహారేళ్ళ పిల్లలు ఆ సంగతి సరిగ్గా పట్టుకున్నారు. ఉద్యోగం, ఓటు పెద్దయ్యాక వచ్చే సమస్యలు. 'నువ్వు ఈ ఊరివాడివి కావు' అన్న మాట పిల్లలకు మొదట వినిపించేది ఆట స్థలం దగ్గరే.

ఆ మరుసటి ఏడాది, 1963లో, కేరో ఈతకొలను మూతపడింది. నల్లజాతి పిల్లలతో కలిసి ఈదడం కంటే ఎవరూ ఈదకపోవడమే మేలనుకున్నారు. తర్వాత దాన్ని కాంక్రీటుతో పూడ్చేశారు. ఇది ఒక్క కేరోలో జరిగిన వింత కాదు. పంచుకోవలసి వచ్చినప్పుడు మూసేసిన కొలనులు, పార్కులు, రింకులు ఆ దశాబ్దంలో అమెరికా నిండా ఉన్నాయి. నష్టపోయింది ఇరువైపుల పిల్లలూ.

కేరో కథ అక్కడితో చల్లారలేదు. 1967 జూలైలో సెలవు మీద ఇంటికొచ్చిన రాబర్ట్ హంట్ అనే 19 ఏళ్ళ నల్లజాతి సైనికుడు పోలీసు లాకప్‌లో ఉరికి వేలాడుతూ కనిపించాడు. ఆత్మహత్య అన్నారు పోలీసులు. నల్లజాతి పేటలు నమ్మలేదు. ఊరు భగ్గుమంది. నేషనల్ గార్డ్ సైనికులు వచ్చారు. తెల్లవాళ్ళు తెల్ల టోపీలు పెట్టుకుని సాయుధ కాపలా దళం కట్టారు. నల్లజాతివారు ఉండే పిరమిడ్ కోర్ట్ ఇళ్ళ మీద రాత్రుళ్ళు కాల్పులు జరిగేవి. 1969లో నల్లజాతి సంఘాలన్నీ 'యునైటెడ్ ఫ్రంట్'గా ఏకమయ్యాయి. దాని ముందు నిలిచినవాడు చార్లెస్ కోయెన్. ఏడేళ్ళ కిందట ఈతకొలను, రింక్ ఉద్యమంలో ఉన్న ఆ హైస్కూలు కుర్రాడే. తమవాళ్ళకు ఉద్యోగాలివ్వని దుకాణాల్లో ఏదీ కొనవద్దని పిలుపిచ్చారు. ఆ బహిష్కరణ ఏళ్ళ తరబడి సాగింది. ఎందరో దుకాణదారులు ఒక్క నల్లజాతీయుణ్ణి పనిలో పెట్టుకోవడం కంటే తలుపులకు తాళం వేసుకోవడానికే సిద్ధపడ్డారు. కొలను విషయంలో చేసినదే వీధంతా చేశారు.

ఊరు చిక్కిపోవడానికి ఇదొక్కటే కారణం అనడం న్యాయం కాదు. నదుల మీద వంతెనలు పడ్డాక రేవు వ్యాపారం పోయింది, రైల్వే పనులు తగ్గాయి, 1978లో అంతర్రాష్ట్ర రహదారి వంతెన ఊరిని పక్కన వదిలి నది దాటింది. కానీ వ్యాపారం పోయిన ఊళ్ళు ఎన్నో కలిసికట్టుగా నిలదొక్కుకున్నాయి. కేరోకు ఆ కలిసికట్టే లేకపోయింది. 2017లో ప్రభుత్వ ఇళ్ళు నివాసయోగ్యం కావని రెండు పెద్ద కాలనీలను ఖాళీ చేయించారు. 2020 జనగణనలో కేరో జనాభా 1,733.

స్కేటింగ్ మాత్రం ఆగలేదు. 1963 ఆగస్టులో లెడ్జర్ స్మిత్ అనే నల్లజాతి స్కేటరు షికాగో నుంచి వాషింగ్టన్‌కు, అంటే సుమారు 1,100 కిలోమీటర్లు, పది రోజుల్లో చక్రాల మీదే వెళ్ళి మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన మహాప్రదర్శనలో కలిశాడు. ఒంటి మీద 'స్వాతంత్ర్యం' అని రాసిన పట్టీ. దారిలో ఇండియానాలో ఒకడు కారుతో గుద్దబోయాడు.

తలుపులు తెరుచుకున్నాక కూడా చాలా రింకులు నల్లజాతివారికి వారంలో ఒక రాత్రి కేటాయించేవి. ఆ రాత్రికి 'సోల్ నైట్' అనో మరేదో పేరు పెట్టేవారు. బయట బోర్డు మారినా లోపలి లెక్క అదే. కానీ దొరికిన ఆ ఒక్క రాత్రిని వాళ్ళు ఏం చేసుకున్నారో చూడండి. బ్రూక్లిన్‌లో బిల్ బట్లర్ లాంటివాళ్ళు ఆర్గాన్ పక్కనపెట్టి జాజ్ రికార్డులు వేయించారు. చక్రాల మీద నాట్యం పుట్టింది. ఒక్కో నగరానికి ఒక్కో శైలి వచ్చింది. షికాగోవాళ్ళు జేమ్స్ బ్రౌన్ పాటలకు వేసే అడుగులకు ఆయన పేరు మీదే 'జేబీ' అని పేరు. మన దగ్గర డప్పు దరువు వినగానే ఏ ప్రాంతం వాళ్ళో పోల్చినట్టు, అక్కడ అడుగు చూసి ఏ ఊరివాళ్ళో చెబుతారు. బడిలో నేర్పింది కాదు, పుస్తకంలో రాసింది కాదు, పెద్దవాళ్ళ వెనుక తిరిగి పిల్లలు పట్టుకున్న విద్య. ఈ మధ్య కాలంలో స్థలాల ధరలు పెరిగి ఆ రింకులూ ఒక్కొక్కటే మూతపడుతుంటే, 2018లో 'యునైటెడ్ స్కేట్స్' అనే డాక్యుమెంటరీ ఆ సంస్కృతిని చిత్రించింది. వీలుంటే చూడండి.

కేరో విషయంలో ఈ వివరాలు మనకు దొరకడానికి కారణం డానీ లయన్ ఒక్కడే కాదు. అతను కొన్నాళ్ళుండి వెళ్ళిపోయాడు. ఆ ఊరివాడే అయిన ప్రెస్టన్ యూయింగ్ అనే ఉద్యమ కార్యకర్త 1967 నుంచి 1973 దాకా ప్రదర్శనలు, చర్చి సభలు, మూతపడిన దుకాణాలు, కాపలా కాసే పోలీసులు, ఊరేగింపుల్లో నడిచిన పిల్లలు, అన్నీ ఫోటోలు తీసి దాచాడు. అవి 1996లో విశ్వవిద్యాలయ ప్రచురణగా పుస్తకమయ్యాయి.